నూట అరవయ్యో చుట్టు

“సంతకం ఎడమచేత్తో పెడితే చెల్లుతుందా?” అని అడిగాడు మరిది.

అతని కుడిచెయ్యి భోజనాల బల్ల మీద పరిచిన పాత తువ్వాలు పైన వెల్లకిలా ఉంది. అన్న ఎదురుగా కూర్చుని కట్టు విప్పుతున్నాడు. మందుల షాపు నడిపేవాడు కాబట్టి, రోజూ షాపు తెరవబోయే ముందు తమ్ముడి కట్టు మార్చడం తొమ్మిది రోజులుగా అతని పనే అయింది. చివరి పొర చర్మానికి అంటుకుపోయింది. దాని మీద సెలైన్ చుక్కలు వేసి, నానేదాకా ఆగాడు.

“చెల్లుతుందిలే,” అంది అత్తగారు కుట్టుమిషను దగ్గర్నుంచి. “ఏ చేత్తో పెట్టినా దొరికిపోయేది నువ్వే. చిన్నప్పుడు చెప్పులేసుకోకుండా బడికి పరిగెత్తావు. ఇప్పుడు గ్లౌజులేసుకోకుండా మండే ఓవెన్ పట్టుకున్నావు. నీ పుట్టుకలోనే ఉంది తొందర.”

ఇంట్లో అతన్ని పిలిచేదే తొందర అని. అన్నం చల్లారకముందే నోరు కాల్చుకుంటాడని మొదట ఎవరు పెట్టారో గాని, ఆ పేరు అతనితోపాటే పెరిగింది. ఆ ఇంట్లో ఏ తప్పు జరిగినా, అది ఎవరిదని ఎవరూ వెతికేవారు కాదు. గ్లాసు పగిలినా, తాళంచెవి పోయినా చిన్నకొడుకు వైపు చూసేవారు. అతనూ నవ్వేసి ఒప్పేసుకునేవాడు. ఇలాంటివాడు ఒకడుంటే ఇంటికి ఎంత సుఖమో, ఆ సుఖం అనుభవించేవాళ్లకి తెలియదు.

పెద్దకోడలు కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చోలేదు. కూర్చుంటే ఆ చెయ్యి కనబడుతుంది.

“ఏదీ, ఆ కాగితం చూడనీ,” అంది.

మరిది ఎడమచేత్తో కాగితాన్ని ఆమె వైపు తోశాడు. నాలుగే వాక్యాలు. ఓవెన్ టెస్టింగ్ సమయంలో గ్లౌజులు వేసుకోవాలనే నిబంధన తనకు తెలుసనీ, తెలిసీ వేసుకోలేదనీ, గాయానికి తన నిర్లక్ష్యమే కారణమనీ, ఇకపై టెస్టింగ్ పనికి తనను దూరంగా ఉంచితే అభ్యంతరం లేదనీ. కింద సంతకానికి గీత.

“సోమవారం అన్నారు కదా?”

“నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టారు వదినా. ఇవాళ రెండింటికల్లా కావాలట. ఫొటో తీసి పంపినా చాలట.”

“శనివారం పూట వాళ్లకేం తొందర?”

“నా గాలి సోకినట్టుంది,” అన్నాడతను. అత్తగారు నవ్వబోయి ఆపుకుంది.

ఆ నవ్వులో పెద్దకోడలు కలవలేదు. ఓవెన్లు తయారుచేసే ఆ కంపెనీలో మరిది కింద షెడ్డులో టెస్టింగ్ చేస్తే, ఆమె పై అంతస్తులో డిజైన్ విభాగంలో పని చేస్తుంది. ఓవెన్ తయారుకాకముందే దాని బొమ్మను కంప్యూటర్లో పెట్టి వేడెక్కించి, ఏ భాగం ఎంత కాలుతుందో లెక్కగట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. షెడ్డులో అందరూ ఆమెను లెక్కల మేడం అంటారు. ఈ కొత్త ఓవెన్‌కు ఐదు నెలల క్రితం ఆమె రాసిచ్చిన రిపోర్టులో ఒక వరుస ఉంది. తలుపు హ్యాండిల్, నలభై నాలుగు డిగ్రీలు. దాన్ని బట్టే షెడ్డు గోడ మీది కాగితంలో, హ్యాండిల్ పట్టుకునేవారికి గ్లౌజులు అవసరం లేదని అచ్చువేశారు.

మరిది ఆ కాగితం చదివే పట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

“సోమవారం దాకా ఆగు,” అంది ఆమె.

“ఎందుకు?”

ఎందుకో చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే ఆమె భర్త కట్టు చివరి పొర లాగాడు. మరిది కళ్లు మూసుకున్నాడు. చూపుడువేలు, నడిమి వేలు మొదళ్లలో చర్మం ఎర్రగా, మెరుస్తూ, బిగుసుకుని ఉంది.

“ఏదీ, మూయి,” అన్నాడు అన్న. ఆ రెండు వేళ్లూ సగం దాకా వంగి ఆగిపోయాయి. “ఇంకొంచెం.” వంగలేదు. “సర్లే, రేపు చూద్దాం.” అతని గొంతులో ఏ మార్పూ లేదు. కాని కత్తెర కోసం చెయ్యి చాపినప్పుడు, అది పక్కనే ఉన్నా కనబడనట్టు తడుముకున్నాడు.

ఆమె నోరు మూసుకుంది.

“నేనొకసారి ఆఫీసుకెళ్లొస్తాను.”

“శనివారం ఆఫీసేంటి?” అన్నాడు భర్త, తలెత్తకుండా.

“చిన్న పని. రెండింటిలోపు వచ్చేస్తాను.”

“నీకేమైనా తెలుసా, దీని గురించి?”

అతను మామూలుగానే అడిగాడు. తొమ్మిది రోజుల్లో ఆ ప్రశ్న అడిగింది అతనొక్కడే. అవునంటే అయిపోయేది. ఆమె చెప్పుల కోసం వంగి, “ఏం తెలుస్తుందండీ, చూస్తేగాని,” అంది.

అబద్ధం కాదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

*

డిజైన్ విభాగంలో ఎవరూ లేరు. కుర్చీలన్నీ బల్లల కిందికి తోసి ఉన్నాయి. కింద షెడ్డులో మాత్రం శనివారం కూడా పని ఉంటుంది. రేకులు దించుతున్న చప్పుడు నేల గుండా పైకి వస్తోంది.

కంప్యూటర్ తెరిచి ఐదు నెలల నాటి ఫైలు వెతికింది. దాని పక్కన, చివరిసారి తెరిచిన తేదీ దగ్గర, మొన్న గురువారం సాయంత్రం ఆరున్నర అని ఉంది. గురువారం ఆమె నాలుగింటికే, మరిది చెయ్యి మళ్లీ చూపించడానికి, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. కంప్యూటర్ల వాళ్లు పాత ఫైళ్లు ఎక్కడికో మారుస్తామన్నారు, అదే అయి ఉంటుందనుకుంది. అంతకంటే ఆలోచించే ఓపిక లేదు.

ఫైలు తెరవగానే వెతికింది లెక్కను కాదు, ఒక చిన్న గడిని. హెచ్చరికలు చూపించు అనే మాట పక్కన గడి. అది ఖాళీగా ఉంది. దానిలో టిక్కు తీసేసింది తనే. తీసేసిన చెయ్యి ఇదే.

టిక్కు పెట్టి లెక్క మొదలుపెట్టింది.

ఇలాంటి లెక్క ఒక్కసారిగా తేలదు. ముందు ఒక అంచనా వేసుకుంటుంది, దాన్నిబట్టి ఇంకో అంచనా, చుట్టు మీద చుట్టు. అంచనాకీ అంచనాకీ మధ్య తేడా తగ్గుతూ తగ్గుతూ లేనట్టే అయితే లెక్క కుదిరినట్టు. కుదరకపోతే తెర అడుగున ఎర్ర అక్షరాలు వస్తాయి. లెక్క కుదరలేదు, జవాబు నమ్మవద్దు అని.

నూట యాభై ఎనిమిదో చుట్టు, హ్యాండిల్ నలభై నాలుగు. నూట యాభై తొమ్మిది, తొంభై ఒకటి. నూట అరవై, నలభై నాలుగు. నూట అరవై ఒకటి, తొంభై ఒకటి. అక్కడినుంచి ఎంతదూరం పోయినా ఆ రెండే నంబర్లు, మార్చి మార్చి. ప్రతి చుట్టుకీ అడుగున ఒక ఎర్ర వరుస.

రిపోర్టులోని లెక్క నూట అరవై దగ్గర ఆగింది. అది ఆగలేదు, ఆమె ఆపింది. ఎన్ని చుట్లు తిరగాలో రాసే గడిలో నూట అరవై అని కొట్టింది. ఒక్కటి ఎక్కువ కొట్టి ఉంటే హ్యాండిల్ తొంభై ఒకటి అని వచ్చేది, షెడ్డు గోడ మీది కాగితంలో ఇంకోలా అచ్చయ్యేది.

ఆ రోజు గుర్తులేక కాదు. గుర్తు చేసుకోకుండా తొమ్మిది రోజులు జరుపుకొచ్చింది.

ఆ రోజు నాలుగున్నరకి అత్తగారి కళ్ల కట్టు విప్పుతారు. రెండు కళ్లకీ ఆపరేషన్ అయి, వారం రోజులు చీకట్లో కూర్చున్న మనిషి. మూడున్నరకే మరిది షెడ్డు పని ముగించుకుని స్కూటర్ తాళంచెవి తిప్పుతూ పైకి వచ్చి, ఆమె కుర్చీ వెనకాల నిలబడ్డాడు. రిపోర్టు ఆ సాయంత్రానికే ఇవ్వాలి. తెర మీద నంబర్లు ఊగుతున్నాయి.

“ఏంటి వదినా, ఇది ఒకసారి ఔనంటుంది, ఒకసారి కాదంటుంది?”

“కుదరట్లేదు. సరిచెయ్యాలంటే ఇంకో గంట పడుతుంది.”

“అమ్మ అక్కడ గడియారం చేత్తో తడుముకుంటూ ఉంటుంది. ఆ నలభై నాలుగు చల్లగా బావుంది, అక్కడ ఆపెయ్. కంప్యూటర్ సణుగుడికి ఎవరైనా ఇల్లు మానుకుంటారా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే ఆమె నూట అరవై కొట్టింది. లెక్క కుదిరింది అనే వరుసలో టిక్కు పెట్టింది. స్కూటర్ మీద వెళ్తూ, రేపు పొద్దున్నే వచ్చి సరిచేద్దామనుకుంది. మర్నాడు ఇంకో పని తగిలింది. ఆ తర్వాత మరచిపోయింది. మరచిపోవడం అంత తేలిక.

నవ్వులాటకి అతనన్న ఆ మాటనే ఈ తొమ్మిది రోజులూ పట్టుకుని వేలాడుతోంది. ఆపమన్నది వాడే కదా అని. పక్కమీద అటూ ఇటూ దొర్లుతున్నప్పుడు ఆ మాట పనికొచ్చేది. ఇప్పుడు ఖాళీ గదిలో, ఎర్ర వరుసల ముందు, అది ఏమాత్రం పనికిరాలేదు. షెడ్డులో పనిచేసే మనిషి ఏదో అంటాడు. ఈ కుర్చీలో కూర్చున్నది అతను కాదు.

చేత్తో ముఖం తుడుచుకుని పనిలోకి దిగింది.

మొదట తలుపు బొమ్మని ఇంకా చిన్న చిన్న ముక్కలుగా కోసి చూసింది. ఊగడం ఆగలేదు. బోల్టులు రేకుని తాకేచోట సందులేమైనా వదిలేశానా అని ఒక్కొక్కటే చూసింది. బాగానే ఉన్నాయి. చివరికి, మొదటే వెళ్లాల్సిన చోటికి వెళ్లింది. తలుపు లోపలి రేకుకీ, హ్యాండిల్ బిగించిన రేకుకీ మధ్య వేలు మందం ఖాళీ ఉంది. లోపలి రేకు కాలేకొద్దీ ఆ ఖాళీలోంచి ఎదుటి రేకుని ఎండలా కొడుతుంది. ఆ వేడిని కట్టేసి చూస్తే లెక్క బుద్ధిగా కుదిరింది. వదిలితే మళ్లీ ఊగింది. గొడవంతా అక్కడే.

స్నానాల గదిలో నీళ్లు మరీ కాలుతున్నాయని చన్నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పేస్తాం, గడ్డకట్టేలా వస్తాయి, మళ్లీ అటు తిప్పేస్తాం. లెక్క చేస్తున్నదీ అదే. కొంచెం కొంచెంగా తిప్పితే సర్దుకుంటుంది. దానికీ ఒక గడి ఉంది. ప్రతి చుట్టులోనూ లెక్క వెళ్లాలనుకున్నంత దూరం కాకుండా మూడోవంతే వెళ్లమని అందులో రాసింది. మళ్లీ మొదలుపెట్టింది.

నలభై నిమిషాలు పడుతుందని చూపించింది. ఆ రోజు లేవనుకున్నవి ఈ నలభై నిమిషాలే.

*

తెర మీద తేడాని చూపే గీత మెల్లగా కిందికి దిగుతుండగా వెనక తలుపు చప్పుడైంది. షెడ్డులో పనిచేసే ఫిట్టరు, తల నెరిసిన మనిషి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

“లైటు వెలుగుతుంటే వచ్చాను మేడం. మీ మరిది చెయ్యి ఎలా ఉంది?”

“రెండు వేళ్లు పూర్తిగా వంగట్లేదు.”

ఆయన తల దించుకున్నాడు. “నేను ఇంటికొచ్చి పలకరించాల్సింది. ముఖం చెల్లక రాలేదు.”

“మీరేం చేశారు?”

“వాడు చెప్పలేదా?”

ఆమె లేదన్నట్టు చూసింది. ఫిట్టరు కుర్చీ లాక్కుని అంచున కూర్చున్నాడు.

“మామూలు టెస్టు అరగంటే కదా మేడం. ఆ రోజు మొదటిసారి మూడు గంటలు నడిపాం. మధ్యలో లోపల సెన్సారు వైరు జారింది. నేను పొడుగు గ్లౌజులేసుకుని రెండు చేతులూ లోపలికి పెట్టాను. వాడు తలుపు పైకెత్తి పట్టుకున్నాడు. పైకి లేచే తలుపు, బరువు ఆపే స్ప్రింగు ఇంకా బిగించలేదు. పట్టుకున్న వెంటనే వాడు కేక పెట్టాడు. నా చేతులు వైరులో ఇరుక్కున్నాయి. పది లెక్కపెట్టేంతసేపు పట్టింది బయటికి తియ్యడానికి. వాడు వదలలేదు. వదిలేసి ఉంటే నా చేతులు మోచేతుల దగ్గర...” ఆయన ఆగాడు. “తొందరపడి పట్టుకున్నాడని రాస్తున్నారట. వాడు ఆ రోజు పడనిది తొందరే.”

పొద్దున్న అత్తగారి తిట్లన్నీ ఒక్కొక్కటే ఆమె చెవుల్లో పడ్డాయి. వాటిని నవ్వులాటగా తీసుకున్న మరిది కూడా కళ్ల ముందు మెదిలాడు.

“నాకొకటి అర్థం కాదు మేడం,” అన్నాడు ఫిట్టరు. “నలభై నాలుగు అని రాసి ఉంది కదా, అంతెలా కాలింది? తలుపు తెరిచినప్పుడు లోపలి గాలి తగిలిందని మేనేజరుగారు అంటున్నారు. గాలికి అంతలా కాలుతుందా?”

తెర ఆమె వెనకే ఉంది. పక్కకి జరిగితే ఆయనకి కనబడుతుంది. జరగలేదు.

“చూస్తున్నానండీ,” అంది.

“చూడండి మేడం. మీరు చూస్తే తేలుతుంది.” ఆయన లేచాడు. “ఇవన్నీ తేలకుండానే నిన్న పదకొండు ఓవెన్లు లారీ ఎక్కించారు. మిగతా ఇరవై ఐదూ సోమవారం. బేకరీలవాళ్లు రోజంతా మండిస్తారు, మనలా అరగంట కాదు.”

ఆయన వెళ్లాక, ఆమె మెల్లగా తెర వైపు తిరిగింది. గీత అడుక్కి చేరి నిలబడింది. ఎర్ర వరుసలు లేవు. లెక్క కుదిరింది.

హ్యాండిల్, డెబ్భై తొమ్మిది.

మేనేజరు నంబరు నొక్కింది. ఒక్కసారి మోగగానే కట్ చేసింది. ముందు ఇంట్లో చెప్పాలి అనుకుంది. అది న్యాయమో పిరికితనమో ఆమెకే తెలియలేదు. కాగితం ప్రింటు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

*

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అత్తగారు చిన్నకొడుకు చొక్కాకి గుండీలు ఊడదీసి, వాటి చోట అంటించే పట్టీలు కుడుతోంది, ఒంటిచేత్తో వేసుకోవడానికి వీలుగా. అప్పటికే మూడు చొక్కాలు మడిచి పక్కన పెట్టింది. తిట్టేది తిడుతూనే ఉంది.

మరిది కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో ఫోను చూసుకుంటున్నాడు.

“కాగితం ఏది?” అంది ఆమె, చెప్పులైనా విప్పకుండా.

“పంపేశాను వదినా. పన్నెండింటికి.”

“ఆగమన్నాను కదా నిన్ను.”

“ఆగితే మాత్రం? ఎడమచేతి సంతకం చూశావా, కోడి గీరినట్టుంది.”

ఆమె నిలబడ్డచోటే సంచిలోంచి మడత కాగితం తీసింది.

“అది నీ తప్పు కాదు. నాది. హ్యాండిల్ నలభై నాలుగు కాదు, డెబ్భై తొమ్మిది. లెక్క కుదరలేదని కంప్యూటర్ చెబుతూనే ఉంది. నేను దాని నోరు మూసి రిపోర్టు రాశాను.”

మిషను ఆగింది.

మరిది కాగితం అందుకోలేదు. అమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నాకు తెలుసు వదినా.”

“ఏం తెలుసు?”

“నాకు లెక్కలు రావుగాని, కళ్లున్నాయి కదా. ఆ రోజు నీ వెనకే ఉన్నాను. తొంభై ఒకటి కూడా చూశాను. తర్వాత మరచిపోయాననుకో. హ్యాండిల్ పట్టుకున్న రెండో క్షణంలో గుర్తొచ్చింది.” కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. “అక్కడ ఆపమన్నది నేనే కదా. నా మాట విని ఆపావు, నా చెయ్యే కాలింది. సరిపోయింది. ఇందులో నిన్నెందుకు లాగాలి?”

“నువ్వు అంటే నేను ఆపాలా? నీకు దాని సంగతి ఏం తెలుసని? తెలిసినదాన్ని నేను.”

“నేను కంగారు పెట్టకపోతే నువ్వు గంట కూర్చునేదానివి.”

“కూర్చోవలసింది. నువ్వు నెత్తిన నిలబడ్డా కూర్చోవలసింది.”

“సరే, కూర్చోలేదు. ఇప్పుడేం చేస్తావు? నాకు షెడ్డులో ఇంకో పని ఇస్తారు, రేకులు మోస్తాను. నీకు ఇంకెక్కడా ఎవరూ లెక్క ఇవ్వరు. వదిలెయ్ వదినా.”

“ఫిట్టరుగారి చేతులు లోపల ఉన్నాయట. ఆ మాట ఇంట్లో ఎందుకు చెప్పలేదు?”

అతను కట్టు అంచు సవరించుకున్నాడు. “అమ్మ తిడుతుంటే బాగానే ఉంటుంది. ఏడిస్తేనే కష్టం.”

అత్తగారు సూది దిండుకి గుచ్చి లేచింది. ఏడవలేదు. ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడి, కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

“ఆ రోజంటే ఏ రోజు?” అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మిమ్మల్నే. ఎందుకంత కంగారు ఆ రోజు?”

కిటికీ బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. పెద్దకోడలు కాగితాన్ని ఇంకో మడత పెట్టింది, మళ్లీ విప్పింది. మరిది గోడ వైపు చూశాడు.

“నా కట్టు విప్పిన రోజు,” అంది అత్తగారు.

“అత్తయ్యా, దానికీ దీనికీ...”

“రెండుసార్లు ఫోను చేశాను. బయల్దేరారా అని. మొదట కళ్లు విప్పగానే మీ ఇద్దరి ముఖాలే చూడాలన్నాను.” ఆమె గొంతు నిలకడగానే ఉంది. “చూశాను. ఇద్దరూ నవ్వుతూ ఉన్నారు. అప్పటికే ఈ పని చేసి వచ్చారన్నమాట.”

“మీ తప్పేం లేదు అత్తయ్యా.”

“లేదనే నేనూ అంటున్నాను. నా కళ్ల మీదికి తొయ్యకండి దీన్ని. డాక్టరు గంట ఆగేవాడు. వారం రోజులు చీకట్లో ఉన్నదాన్ని, ఇంకో గంట ఉండలేనా? మీరు నన్నడగలేదు.” చిన్నకొడుకు వైపు తిరిగింది. “నువ్వూ అంతే. తొమ్మిది రోజులుగా తిట్టించుకున్నావు. నా నోటిని నాకే శిక్షగా పెట్టావు.”

మరిది తల దించుకున్నాడు. ఈసారి నవ్వు రాలేదు.

పెద్దకోడలికి ఏడుపొచ్చింది. కోపంగా అరిచి ఉంటే తట్టుకునేది. అడగలేదు అన్న ఆ ఒక్కమాట, తెర మీది ఎర్ర వరుసల కంటే సూటిగా తగిలింది.

“ఇంకా ఉంది అత్తయ్యా,” అంది కళ్లు తుడుచుకుని. “అలాంటివి ముప్పై ఆరున్నాయి. పదకొండు నిన్ననే వెళ్లిపోయాయి. హ్యాండిల్ కాలదని నేను రాసిన కాగితం వాటితోపాటే వెళ్తుంది. వీడి సంతకంతో ఫైలు మూసేస్తే, ఇక దాన్నెవరూ చూడరు.”

మరిది తలెత్తాడు. ఈ లెక్క అతని తలకి తట్టలేదని ముఖం చూస్తేనే తెలిసింది. తన చెయ్యి ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాడు పాపం.

“ముప్పై ఆరా?”

“ఒక్కో బేకరీలో ఎన్ని చేతులుంటాయో నాకు తెలియదు.”

అత్తగారు పెద్దకోడలి సంచిలోంచి ఫోను తీసి ఆమె చేతికిచ్చింది. “చెయ్యి,” అంది. “నాకూ వినబడేలా పెట్టు. ఈ ఇంట్లో చాటుమాటు మాటలు చాలు.”

ఈసారి కట్ చెయ్యలేదు. మూడోసారి మోగుతుండగా మేనేజరు ఎత్తాడు.

“చెప్పండి మేడం. మీవాడి సంతకం అందింది. ఫైలు మూసేశాను. ఇందాక మీ నంబరు నుంచి మిస్డ్ కాల్ చూశాను, పనిలో ఉండిపోయాను.”

“ఫైలు మళ్లీ తెరవాలండీ. హ్యాండిల్ లెక్క తప్పు. నేనే తప్పు రాశాను. అది కుదరలేదు, నూట అరవై దగ్గర నేనే ఆపాను.”

అవతల తలుపు మూసిన చప్పుడు వచ్చింది. తర్వాత మేనేజరు గొంతు బాగా తగ్గింది, మెత్తగా కూడా అయింది.

“ఆ సంగతి నాకు గురువారమే తెలుసు మేడం. మీ ఫైలు తెరిచి చూశాను.”

గురువారం, ఆరున్నర. ఆమె చేతిలోని కాగితం జారి కింద పడింది. సోమవారం నాటి సంతకం శనివారానికి ఎందుకు జరిగిందో అప్పుడర్థమైంది.

“మీ తప్పు మీది ఒక్కరిదే అనుకోకండి,” అన్నాడాయన. “చూశానని కింద సంతకం పెట్టినవాణ్ని నేను. చూడకుండానే పెట్టాను. మీ మరిది మంచి పని చేశాడు, అక్కడితో వదిలేద్దాం. మెల్లగా వచ్చే నెలలో హ్యాండిల్ మారుద్దాం, ఎవరికీ తెలియకుండా. ఒక్కటి చెప్పండి. ఈ మాట మీరు ఇంకెవరితోనైనా అన్నారా?”

మరిది ఆమె చేతిలోని ఫోను కట్ చేద్దామని అలవాటుకొద్దీ కుడిచెయ్యి చాపాడు. వేళ్లు మూసుకోలేదు. ఫోను ఆ చేతికి తగిలి, బల్ల మీద పడి, తిరుగుతూ అంచు దగ్గర ఆగింది.

“మేడం? ఉన్నారా? ఇంకెవరైనా విన్నారా అని అడుగుతున్నాను.”

అత్తగారు కళ్లజోడు సవరించుకుని, ఫోను మీదికి వంగింది.

“నేను విన్నాను నాయనా,” అంది. “ఆ చెయ్యి కాలినవాడి తల్లిని.”